నవాబ్ సాలార్‌జంగ్ మూడవ వారు

హైదరాబాదు చూడబోయిన కుటుంబాలు చార్మినార్ తరువాత వెళ్ళేది సాలార్‌జంగ్ మ్యూజియానికే. గంట కొట్టే వేళకు పిల్లలూ పెద్దలూ ఆ పెద్ద గడియారం ముందు కూర్చుంటారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. సంబరంగా ఇంటికొస్తాం. కాని ఇదంతా కూర్చిన మనిషెవరని తరగతిలో అడిగితే జవాబు చెప్పే పిల్లలు తక్కువ. అందుకే వారి జీవితాన్ని క్లుప్తంగా వ్రాస్తున్నాము.

నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల నిండకముందే తండ్రి, రెండవ సాలార్‌జంగ్, కన్నుమూశారు. తాతగారు మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 వరకు నిజాం రాజ్యానికి దివానుగా పనిచేసిన ప్రసిద్ధులు. 1912లో ఏడవ నిజాం వారు ఈ మనుమణ్ణి కూడ దివానుగా నియమించారు. అప్పటికి వయస్సు 23 ఏండ్లే. 1914లో ఆ పదవి వదులుకున్నారు.

పదవి పోయినవాడు మూల కూర్చుంటాడని లోకం అనుకుంటుంది. ఈయన అలా కూర్చోలేదు. జాగీరు ఆదాయాన్ని కళాఖండాలకు, కితాబులకు ఖర్చుపెట్టారు. వర్తకులు సరుకుతో దివాన్ దేవిడికి వచ్చేవారు. విదేశాల నుండి కూడ వస్తువులు వచ్చేవి. మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం మాత్రం తాతగారు 1876లో రోమ్‌లో కొన్నది. షంసుద్దీన్ అల్తమష్ పేరున్న జేడ్ రాతి రెహల్, నూర్జహాన్ బాకు, చేతివ్రాత ఖురాన్ ప్రతులు, ఉర్దూ ఫార్సీ గ్రంథాలు, చైనా పింగాణీ, అన్నీ ఆ దేవిడిలో చేరాయి.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1949 మార్చి 2న మరణించేనాటికి బిడ్డలు లేరు. మన ఇండ్లలో తర్కా పంపకం ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. గిన్నెలు సైతం లెక్కపెట్టి పంచుకుంటాం. ఈ సొత్తు కూడ ముక్కలై వేలంపాటలో పోయి ఉండవచ్చు. అలా కాలేదు. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దివాన్ దేవిడిలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. వారసులు ఆ సేకరణను భారత ప్రభుత్వానికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయ్యింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

నవాబుల జీవితాల్లో విలాసమే చూస్తాం. కాని తండ్రిని చూడని, బిడ్డలు లేని ఈ మనిషి సొత్తు నేడు టిక్కెట్టు కొన్న రిక్షావాలా బిడ్డ కూడ చూడగలుగుతున్నాడు. ఆ ఘనత కూర్చినవారిది ఎంతో, ముక్కలు కానివ్వనివారిది కూడ అంతే.

మన ఇండ్ల అటకల మీద కూడ పెద్దల చేతివ్రాత కితాబులు చెదలు పట్టి ఉన్నాయి. పాత కాగితాలవాడికి తూచి ఇచ్చేముందు ఒక్కసారి దులిపి చూద్దాం. ఈసారి మ్యూజియానికి వెళ్ళినప్పుడు గడియారం దగ్గరే ఆగిపోకుండా పిల్లల్ని చేతివ్రాత ప్రతులున్న గది దాకా నడిపిద్దాం.