ఏనుగుల వీరాస్వామయ్య గారు: మన వంటి ఒక ఉద్యోగి



ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు నన్ను అడిగారు. ప్రకాశం పంతులు గారి గురించో, వీరేశలింగం పంతులు గారి గురించో వ్రాస్తానని వారు అనుకుని ఉంటారు. వారి గురించి వ్రాయడానికి నాకన్న పెద్దలున్నారు. నేను సుమారు రెండు వందల ఏళ్ల క్రితం మద్రాసులో కొలువు చేసిన ఒక ఉద్యోగి గురించి వ్రాస్తున్నాను. ఆయన రాజు కాడు, కవి కాడు, ఉద్యమ నాయకుడు కాడు. మన వలెనే పొద్దున్నే కచేరీకి వెళ్లి, చెప్పిన పని చేసి, సాయంత్రం ఇంటికి వచ్చినవాడు. ఆయనే కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు.

వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతంలో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులోనే తండ్రి పోయారు. ఇంటి బరువు పసితనంలోనే మీద పడింది. మనలో చాలామందికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తండ్రి పోయిన ఇంట్లో చదువుకన్న ముందు ఉద్యోగం గుర్తుకు వస్తుంది. ఆయన పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంగ్లీషు నేర్చుకుని, కంపెనీ వారి బోర్డు ఆఫ్ ట్రేడులో జీతం లేని వాలంటీరుగా కుదిరారు. అక్కడ నుండి క్రమంగా పైకి వచ్చి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు అయ్యారు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, సంస్కృతం ఆయనకు బాగా వచ్చు.

ఆ సుప్రీంకోర్టు 1801లో ఏర్పడింది. అక్కడ న్యాయమూర్తులు ఇంగ్లీషువారు. వాది, ప్రతివాది, సాక్షి మాత్రం ఈ దేశపు మనుషులు. వీరి గోడు వారికి తెలియాలి, వారి ప్రశ్న వీరికి తెలియాలి. ఆ మధ్యలో నిలబడి ఒకరి మాటను ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పడమే ఇంటర్‌ప్రిటరు పని. అందులో తన మాట ఒక్కటి కూడా కలపరాదు. సాక్షి అబద్ధం చెబుతున్నాడని తెలిసినా ఆ అబద్ధాన్నే సరిగ్గా చెప్పాలి. జడ్జీగారి ప్రశ్న తనకు నచ్చకపోయినా ఆ ప్రశ్ననే వేయాలి. ఏళ్ల తరబడి అలా పరుల మాటలు మోసిన మనిషికి తన సొంత మాట ఏమిటో తెలుసుకునే అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

వీరాస్వామయ్య గారికి ఆ అవకాశం యాభై ఏళ్ల వయసులో దొరికింది. కోర్టు వారి వద్ద సెలవు తీసుకుని 1830 మే 18వ తేదీన మద్రాసు నుండి కాశీయాత్రకు బయలుదేరారు. ఇంటివారు, బంధువులు, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు అందరూ కలిసి నూరుమంది దాకా పరివారం. అప్పటికి ఈ దేశంలో రైలు లేదు. మద్రాసులో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1856లో. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని జనం అనుకునే రోజులవి.

బయలుదేరే ముందు ఆయన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారు, దారిలో చూసినవన్నీ తమకు వ్రాసి పంపవలసిందని కోరారు. పిళ్లె గారు మద్రాసులో పేరుపొందిన పెద్దమనిషి, ప్రజలకు విద్య అందాలని పాటుపడినవారు. స్నేహితుని కోరికను వీరాస్వామయ్య గారు ఒక ఉద్యోగికి తగిన శ్రద్ధతో నెరవేర్చారు. మజిలీ చేసిన ప్రతిచోటా ఆ రోజు సంగతులు వ్రాసి ఉంచి, ఉత్తరాలుగా పంపుతూ వచ్చారు.

దారి చూడండి. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా శ్రీశైలం. అప్పుడు శ్రీశైలం కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. అక్కడ నుండి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ. తిరుగు ప్రయాణంలో పాట్నా, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం, తరువాత మన ఉత్తర సర్కారుల దారిన శ్రీకూర్మం, సింహాచలం, రాజమహేంద్రవరం మీదుగా మద్రాసు. ఇంటికి చేరినది 1831 సెప్టెంబరు 3వ తేదీన. మొత్తం పదిహేను నెలల పైచిలుకు.

మొదటి ఉత్తరాలు చదివితే నాకు మన ఆఫీసు టూరు డైరీలు గుర్తుకు వచ్చాయి. ఈ ఊరికి ఆ ఊరు ఎంత దూరం, దారి రాతినేలా ఇసుకా, చెరువులో నీరుందా, దిగడానికి సత్రముందా, అంగళ్లలో ఏమి దొరుకుతాయి, ఏ నాణెం చెల్లుతుంది, ఏ చౌకీలో సుంకం ఎలా వసూలు చేస్తారు, ఇటువంటివే అన్నీ. ఒక రాజ్యంలో చెల్లిన రూపాయి పక్క రాజ్యంలో వట్టం ఇవ్వనిదే చెల్లని కాలం అది. వెనుక వచ్చే యాత్రికునికి పనికివచ్చే విషయాలు ఒక్కటి వదలలేదు. ఈనాడు చరిత్రకారులు ఆ కాలపు దేశస్థితి తెలుసుకోవడానికి ఆ పుస్తకాన్ని తెరవడానికి కారణం అదే.

అయితే ప్రయాణం సాగిన కొద్దీ ఆ వ్రాతలో ఒక మార్పు నాకు కనిపించింది. దారి సంగతులు చెబుతూ చెబుతూ ఆయన ఉన్నట్టుండి ఆగి ఆలోచనలో పడతారు. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క ఆచారం ఎందుకున్నది? ఒకచోట దోషమైనది ఇంకొకచోట దోషం ఎందుకు కాదు? కర్మ గొప్పదా, జ్ఞానం గొప్పదా? అందరికీ ఒక్కడే అయిన ఈశ్వరుని ఇన్ని తీరుల కొలవడమేమిటి? ఈ ప్రశ్నలు వేసుకుని, పేజీల కొద్దీ తనలో తాను తర్కించుకుంటారు. ఆయన ఆచారపరులు. గయలో చేయవలసిన కర్మలన్నీ శ్రద్ధగా చేసినవారు. అయినా చేసే పనిని గురించి ఆలోచించడం మానలేదు. కోర్టులో ఎవరూ ఆయన అభిప్రాయం అడిగి ఉండరు. ఇక్కడ కాగితం అడిగింది, ఆయన చెప్పారు.

ఆ అభిప్రాయాలన్నీ మనకు నచ్చుతాయని కాదు. కొన్ని ఆ కాలానికి, ఆయన పుట్టిన వర్గానికి కట్టుబడినవి. కంపెనీ దొరతనం మీద ఆయనకున్న మంచి అభిప్రాయం ఈనాడు మనకు మింగుడుపడదు. కాని నేర్చుకోవలసినది ఆయన నిర్ణయాలను కాదు, అవి తన నిర్ణయాలే అని ఒప్పుకుని కాగితం మీద పెట్టిన పద్ధతిని.

భాష విషయం కూడా చెప్పాలి. ఆ రోజుల్లో చదువుకున్నవారు తెలుగు వ్రాస్తే పద్యమో, గ్రాంథికమో. వీరాస్వామయ్య గారు తాము మాట్లాడే తెలుగులో వ్రాశారు. అందులో అరవ మాటలున్నాయి, హిందూస్తానీ మాటలున్నాయి, కచేరీ మాటలున్నాయి. గిడుగు వారి వ్యావహారిక భాషోద్యమానికి ఎనభై ఏళ్ల ముందు సంగతి ఇది. ఆయన భాషను ఉద్ధరించాలని అలా వ్రాసి ఉండరు. స్నేహితునికి వ్రాసేటప్పుడు వేషం అక్కరలేదు, అంతే. తెలుగులో మొదటి యాత్రా చరిత్ర అని పండితులు మెచ్చుకునే గ్రంథం అలా పుట్టింది.

ఆ కాలంలోనే, మద్రాసు సదర్ అదాలతులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు గారు కూడా తమ జీవితకథను ఇంగ్లీషులో వ్రాసుకున్నారు. అది 1873లో అచ్చయింది. పరుల మాటలు తర్జుమా చేసిన ఇద్దరు ఉద్యోగులు తమ మాట వ్రాసి ఉంచుకోవడం యాదృచ్ఛికమని నాకు తోచదు.

వీరాస్వామయ్య గారు 1836లో కాలం చేశారు. తమ ఉత్తరాలు పుస్తకంగా అచ్చుకావడం వారు చూడలేదు. శ్రీనివాస పిళ్లె గారే వాటిని కూర్చి, మిత్రుని జీవిత విశేషాలు జతచేసి 1838లో అచ్చువేయించారు. తరువాత ప్రతులు అరుదైపోగా, బెజవాడ వకీలు, చరిత్ర పరిశోధకులు దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో వివరణలతో మళ్లీ ప్రకటించారు. నేను చదివినది ఆ కూర్పు ఆధారంగా వచ్చిన ప్రతినే.

ఇక ఈ వ్యాసం నేను ఎందుకు వ్రాస్తున్నానో మనవి చేసుకుంటాను.

నేను 1972లో గుమాస్తాగా చేరి 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ముప్ఫై ఆరేళ్లు రోజూ వ్రాశాను. నోట్‌ఫైళ్లు, డ్రాఫ్టులు, మెమోలు, రిమైండర్లు తూకం వేస్తే బండెడు అవుతాయి. కాని వాటిలో నేను అనే మాట లేదు. పరిశీలించడమైనది, సమర్పించడమైనది, ఉత్తర్వులు కోరడమైనది అని వ్రాసేవాళ్లం. ఎవరు పరిశీలించారో, ఎవరు సమర్పించారో ఆ వాక్యానికి అక్కరలేదు.

2019లో నా భార్య గతించింది. ఏడాది మాసికాలు అయిన తరువాత ఇంట్లో చప్పుడు లేదు. మా అమ్మాయి ఒక డైరీ కొని ఇచ్చి, ఏదైనా వ్రాసుకో నాన్నా అన్నది. నేను వ్రాసినది పాల లెక్క, మందుల లెక్క, కరెంటు బిల్లు. మూడు నెలలు అంతే. వేరే ఏమి వ్రాయాలో నిజంగా తోచలేదు. ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో కాశీయాత్ర చరిత్ర చేతికి వచ్చింది. ఆయన కూడా మొదట లెక్కలే వ్రాశారు కదా అని ధైర్యం కలిగింది. ఆయన ఒక స్నేహితునికి వ్రాశారు కనుక నేనూ పొరుగూరిలో స్థిరపడిన నా పాత సహోద్యోగికి వ్రాసినట్టు వ్రాయడం మొదలుపెట్టాను. పోస్టు చేయలేదు. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడనుకోవడమే కావలసింది.

పాల లెక్క నుండి పాత ఆఫీసుకు, అక్కడ నుండి ఒక రోజు 1986లోని ఒక సంగతికి వచ్చాను. అప్పుడు నేను పనిచేసిన సెక్షనులో సర్వీసు స్టాంపుల లెక్కలో తేడా వచ్చింది. కవర్లు పోస్టాఫీసుకు తీసుకువెళ్లేది మా అటెండరు. దాని మీద నోటు పెట్టినవాణ్ణి నేను. ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. పై అధికారి కఠినుడు, నేనేమి చేయగలను అని ముప్ఫై ఏళ్లు అనుకున్నాను. డైరీలో ఆ సంగతి వ్రాస్తూ, స్టాంపుల రిజిస్టరు మూడు నెలలు తనిఖీ కాలేదు అని వ్రాసి ఆగిపోయాను. ఆనాటి నోటులో కూడా సరిగ్గా ఆ వాక్యమే వ్రాసినట్టు గుర్తుకు వచ్చింది. తనిఖీ చేయవలసినవాడు ఎవరు? ఆ వాక్యం కొట్టివేసి, నేను తనిఖీ చేయలేదు అని వ్రాశాను. అంతే మార్పు. ఆ నోటులో నేను అబద్ధమేమీ వ్రాయలేదు. నా పేరు రాకుండా మాత్రం జాగ్రత్తపడ్డాను. చూపు ఆ అటెండరు మీదకు పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన అప్పటికే చనిపోయారు. భార్య కుటుంబ పెన్షను మీద ఉంటున్నది. ఒక వారం తటపటాయించి వెళ్లి, జరిగినది చెప్పాను. ఆమె అంతా విని, ఇప్పుడు ఏమైనా కాగితం పెడితే సరి అవుతుందా అని అడిగింది. కాదని చెప్పవలసి వచ్చింది. ఆమె ఇంకేమీ అనలేదు. మంచినీళ్లు ఇచ్చింది, తాగి వచ్చాను. క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకున్నదని అనిపించలేదు.

అప్పటి నుండి ప్రతి నవంబరులో నాలుగో తరగతి ఉద్యోగుల భార్యలకు లైఫ్ సర్టిఫికెట్ పనులు, పెన్షను అర్జీలు చేసి పెడుతున్నాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. డైరీ వ్రాయకపోతే ఆ పని నాకు తోచి ఉండేది కాదని చెప్పడానికే చెబుతున్నాను.

మిత్రులారా, మనలో చాలామంది ఉదయం నడక, దైవదర్శనం, డి.ఎ. బకాయిల చర్చ, ఇవి చాలని అనుకుంటాము. అవి మంచివే. వాటితోపాటు ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కోమని మనవి. చక్కగా వ్రాయాలని చూడకండి. చెరువు నీళ్ల దగ్గర, అంగడి సరుకుల దగ్గర మొదలుపెట్టిన వీరాస్వామయ్య గారిని తలచుకుని పాల లెక్కతోనే మొదలుపెట్టండి. మీకు ఇష్టమైన ఒకరికి వ్రాస్తున్నట్టు వ్రాయండి. కర్త లేని వాక్యం కనిపించినప్పుడల్లా ఒక్కసారి ఆగి, చేసినదెవరో వ్రాయండి. మొదట చేయి వణుకుతుంది. నాకూ వణికింది.

మద్రాసు నుండి కాశీకి పోయి రావడానికి వీరాస్వామయ్య గారికి పదిహేను నెలలు పట్టింది. నా డైరీలో ఇప్పటికి నాలుగు పుస్తకాలు నిండాయి, నేను ఇంకా మొదటి మజిలీలలోనే ఉన్నాను.

సెలవు.