కంటి అద్దాన్ని కొలిచిన గురువు

కంటి ఆసుపత్రులలో నేడు జరిగే కొలతలకు తొలి దారి చూపినవారిలో ఒక కతోలిక గురువు ఉన్నారని మన విచారణ కుటుంబాలలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆయన యేసు సభకు చెందిన ఫాదర్ క్రిస్టోఫర్ షైనర్.

ఆయన 16వ శతాబ్దం చివరి భాగంలో, దక్షిణ జర్మనీలోని మిండెల్‌హైమ్ పట్టణం దగ్గర వాల్డ్ అనే పల్లెలో జన్మించారు. 1595లో యేసు సభలో చేరారు. గురువిద్యతోపాటు గణితం నేర్చారు. ఒక బొమ్మను పెద్దదిగా గాని, చిన్నదిగా గాని తిరిగి గీసే పాంటోగ్రాఫ్ అనే సాధనాన్ని యువకుడుగా ఉన్నప్పుడే తయారు చేశారు. 1610 నుండి ఇంగోల్‌స్టాట్‌లో గణితము, హీబ్రూ బోధించారు.

1611లో ఆయన దూరదర్శినితో సూర్యునిపై మచ్చలు చూశారు. సూర్యబింబంలో ఏ మచ్చా ఉండదని పండితులు నమ్మిన కాలమది. పొరపాటైతే సభ నవ్వులపాలవుతుందని పై అధికారి సంకోచించడంతో, ఆయన లేఖలు 1612లో మారుపేరుతో అచ్చయ్యాయి. అవి సూర్యుని చుట్టూ తిరిగే చిన్న గోళాలని ఆయన వాదించారు. గెలీలియో కాదన్నారు. ఎవరు ముందు చూశారన్న తగవు కూడా తోడై ఇద్దరి మధ్య చేదు పెరిగింది. అయినా షైనర్ ఏళ్ల తరబడి ఆ మచ్చలను గమనించి, కొలిచి, 1630లో పూర్తయిన తన పెద్ద గ్రంథంలో అవి సూర్యుని మీదనే ఉన్నాయని అంగీకరించారు. భూమి కదలదన్న అభిప్రాయాన్ని మాత్రం చివరిదాకా విడువలేదు.

ఎంత మంచి దూరదర్శిని అయినా దాని వెనుక ఉండేది మనిషి కన్నే గదా! ఆ కంటిని గురించి ఆయన రాసిన గ్రంథం 1619లో ఇన్స్‌బ్రుక్‌లో వెలువడింది. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దానినే కార్నియా అంటారు. దాని వంపు ఎంతో తెలుసుకోవడానికి ఆయన ఒక మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టారు. కిటికీ ప్రతిబింబం ఆ కంటిలో చిన్నగా మెరుస్తుంది. రకరకాల పరిమాణాల గాజుగోళీలను కంటి పక్కనే ఒక్కొక్కటిగా పట్టుకొని చూశారు. ఏ గోళీలో కిటికీ బొమ్మ కంటిలోని బొమ్మకు సరిగ్గా సమానంగా కనిపిస్తుందో, ఆ గోళీ వంపే కంటి వంపు. కంటిని తాకకుండానే కొలత వచ్చింది! ఆయన 1650లో సైలీషియాలోని నైసే పట్టణంలో మరణించారు. అది నేటి పోలండ్‌లోని నీసా.

షైనర్ కొలిచింది వంపును. ఆ పొర మందాన్ని బతికున్న కంటిలో కొలవడానికి తరువాతి శతాబ్దాల పరికరాలు కావలసి వచ్చాయి. మందం మధ్యభాగంలో సగటున సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటె కొంచెం ఎక్కువ. ఈ చిన్న కొలత వెనుక ఎందరి చూపో ఆధారపడి ఉంది.

నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, చాలామందిలో నొప్పి లేకుండా చూపును హరిస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. అందుకే కంటిలోని ఒత్తిడిని కొలుస్తారు. 1957లో గోల్డ్‌మన్, ష్మిట్ అనే వైద్యులు వివరించిన సాధనం కార్నియాను మెల్లగా నొక్కి ఒత్తిడిని లెక్కకడుతుంది. అందరి కార్నియా మందం దాదాపు ఒకటేనని వారు అనుకున్నారు. అయితే అది మనిషికీ మనిషికీ మారుతుంది. దళసరి తోలు బంతిని నొక్కితే లోపల గాలి తక్కువే ఉన్నా గట్టిగా తోస్తుంది. పలుచని బంతి మెత్తగా తోస్తుంది. అలాగే పలుచని కార్నియా ఉన్నవారికి ఒత్తిడి అసలుకంటె తక్కువగా కనిపించి, జబ్బు దాగిపోవచ్చు. ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారిలో కార్నియా పలుచనైనవారికి గ్లాకోమా ముప్పు ఎక్కువని 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది.

కెరటోకోనస్ అనే మరో జబ్బులో కార్నియా పలుచబడి కోనులా ముందుకు పొడుచుకొస్తుంది. ఇది ఎక్కువగా యుక్తవయసులోనే మొదలవుతుంది. కళ్ళు అదేపనిగా నులుముకోవడం దీనికి చేటు. కళ్ళద్దాలు మానడానికి లేజర్ చికిత్స చేయించుకోగోరే యువతీ యువకులకు కూడా ఈ కొలత తప్పనిసరి. లేజర్ ఆ పొరలో కొంత భాగాన్ని తీసివేస్తుంది. కనుక మిగిలేది చాలినంత ఉండాలి.

పరీక్ష భయపడవలసింది కాదు. తిమ్మిరి మందు చుక్క వేసి, పాకీమీటర్ అనే చిన్న సాధనపు కొనను కంటికి తాకిస్తారు. కొన్ని క్షణాలలో అంకె వస్తుంది. కంటిని తాకకుండా కాంతితో కొలిచే యంత్రాలు కూడా ఉన్నాయి. ఆ అంకె ఒక్కటే తీర్పు చెప్పదు. వైద్యులు కంటి నరాన్ని, చూపు విస్తీర్ణాన్ని కూడా పరీక్షించి నిర్ణయిస్తారు.

ప్రియ పాఠకులారా! మీ ఇంట్లో తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని నీటికాసులు ఉంటే, కళ్ళు బాగానే కనబడుతున్నాయని ఊరుకోకండి. నలభై దాటినవారు తప్పక పరీక్ష చేయించుకోండి. ఒత్తిడి బాగానే ఉందని చెప్పినప్పుడు, కార్నియా మందం కూడా చూశారా అని వినయంగా అడగండి. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. చూపు పోయాక అడిగితే ఫలితం లేదు.