ఎగాస్ మోనిజ్

ఎగాస్ మోనిజ్ (నవంబర్ 29, 1874 - డిసెంబర్ 13, 1955) పోర్చుగల్ దేశానికి చెందిన ప్రముఖ నాడీవైద్యుడు, రాజకీయవేత్త. మెదడులోని రక్తనాళాలను ఎక్స్-రే చిత్రంలో చూపే సెరిబ్రల్ యాంజియోగ్రఫీ పరీక్షను 1927లో రూపొందించాడు. 1949లో వాల్టర్ హెస్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. అది ల్యూకాటమీ అనే మెదడు శస్త్రచికిత్సకు లభించిన బహుమతి. ఆ చికిత్స తరువాతి కాలంలో తీవ్ర విమర్శలకు గురైంది.

జీవిత విశేషాలు

మోనిజ్ అవాంకా గ్రామంలో జన్మించాడు. కోయింబ్రా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి, 1911లో లిస్బన్‌లో నాడీశాస్త్ర ఆచార్యుడయ్యాడు. పార్లమెంటు సభ్యుడిగా, 1917లో స్పెయిన్‌లో రాయబారిగా, 1918లో విదేశాంగ మంత్రిగా పనిచేశాడు. అనంతరం రాజకీయాలను వీడి పరిశోధనకు అంకితమయ్యాడు. కీళ్ళవ్యాధి వలన ఆయన చేతులు సహకరించకపోవడంతో, శస్త్రక్రియలను సహచరుడు అల్మీడా లిమా నిర్వహించేవాడు.

కాంట్రాస్ట్ డై ప్రయోగాలు

సాధారణ ఎక్స్-రేలో ఎముకలు స్పష్టంగా కనిపిస్తాయి గాని, మెదడు, దానిలోని రక్తనాళాలు వేరువేరుగా కనిపించవు. అందుచేత కిరణాలను అడ్డగించే ద్రవాన్ని మెడలోని ధమని ద్వారా పంపాలని మోనిజ్ సంకల్పించాడు. కుక్కలపైనా, మృతదేహాలపైనా పరీక్షించిన పిమ్మట, రోగులకు స్ట్రాన్షియం బ్రోమైడ్ ఇచ్చాడు. ఒక రోగి మరణించడంతో దానిని విడిచి, 25 శాతం సోడియం అయొడైడ్ ద్రావణాన్ని ఎంచుకున్నాడు. 1927 జూన్ 28న స్పష్టమైన చిత్రం లభించింది.

థోరోట్రాస్ట్

సోడియం అయొడైడ్ రక్తనాళాలకు బాధ కలిగించేది. అందువలన 1931లో మోనిజ్ థోరోట్రాస్ట్ అనే మందును స్వీకరించాడు. థోరియం డయాక్సైడ్‌తో చేసిన ఈ ద్రవం స్పష్టమైన చిత్రాలనిచ్చేది. రోగికి తక్షణ బాధ కూడా ఉండేది కాదు. కాని థోరియం రేడియోధార్మిక పదార్థము. శరీరం దీనిని విసర్జించలేదు. అది కాలేయము, ప్లీహము, ఎముక మజ్జలలో చేరి, జీవితాంతం ఆల్ఫా కిరణాలను వెలువరిస్తూనే ఉంటుంది. అమెరికన్ వైద్య సంఘపు ఔషధ మండలి 1932లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించినా, 1950ల వరకు వాడకం కొనసాగింది. జర్మనీ, డెన్మార్క్, పోర్చుగల్, జపాన్ దేశాలలో దీనిని పొందిన వారిని దీర్ఘకాలం పరిశీలించగా, కాలేయ క్యాన్సర్, రక్త క్యాన్సర్ అధికంగా కనిపించాయి. సూది వేసిన తరువాత వ్యాధి బయటపడటానికి తరచుగా 20 సంవత్సరాలకు పైగా పట్టేది.

అనంతర ప్రభావం

మోనిజ్ 1955లో లిస్బన్‌లో మరణించాడు. థోరోట్రాస్ట్ వలన కలిగిన హాని చాలావరకు ఆ తరువాతనే వెలుగులోకి వచ్చింది. నేడు సీటీ స్కాన్‌లలోనూ, యాంజియోగ్రామ్‌లలోనూ వాడే అయొడిన్ మందులు రేడియోధార్మికత లేనివి. ఇవి ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటకు పోతాయి. కాబట్టే పరీక్షకు ముందు మూత్రపిండ వ్యాధి ఉన్నదా, గతంలో ఇటువంటి మందు పడలేదా అని రోగిని అడుగుతారు. అవసరమైతే రక్తంలో క్రియాటినిన్ పరీక్షిస్తారు. చిత్రం ఎంత స్పష్టంగా వస్తుందన్న దానితో పాటు, మందు శరీరం నుండి ఎలా వెలుపలికి పోతుందన్నది కూడా చూడవలసిన అవసరాన్ని థోరోట్రాస్ట్ అనుభవం తెలియజేసింది.