బూర్గుల రామకృష్ణారావు: బీదర్‌కూ ముఖ్యమంత్రే

బూర్గుల రామకృష్ణారావు గారంటే మన హళ్ళిఖేడ్ (బి) పిల్లలు తెలంగాణ నాయకుడనుకుంటారు. కానీ 1956 అక్టోబరు 31 దాకా బీదర్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆయన మన పెద్దలకూ ముఖ్యమంత్రే.

1899 మార్చి 13న పాలమూరు ప్రాంతంలో పుట్టారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు. ఊరి పేరే ఇంటిపేరయింది. పుణె ఫెర్గూసన్ కాలేజీలో, తర్వాత బొంబాయిలో లా చదివి, హైదరాబాదులో వకీలయ్యారు. ఉర్దూ, పారశీకం, సంస్కృతం, కన్నడం, మరాఠీ అన్నీ వచ్చు.

1921లో హైదరాబాదులో ఒక సభలో తెలుగులో మాట్లాడిన వక్తను అల్లరి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంతో ఆంధ్ర జనసంఘం పుట్టింది. బూర్గుల అందులో ముందు వరుసలో ఉన్నారు. 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. మొదట అడిగింది సొంత భాషకు గౌరవం. తర్వాత ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం. జైలుకూ వెళ్ళారు.

1950లో రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆ ఏడాది వచ్చిన కౌలుదారీ చట్టం దున్నేవాడికి రక్షణ ఇచ్చింది. మేము గుమాస్తాగిరీ చేసిన రోజుల్లో రక్షిత కౌలుదారు అనే మాట పాత కాగితాల్లో ఎన్నిసార్లు చూశామో! ఓటు కంటే ముందు భూమి మీద భరోసా కావాలని ఆయన గ్రహించారని మా అభిప్రాయం.

1952లో షాద్‌నగర్ నుంచి గెలిచి, ప్రజలెన్నుకున్న ప్రభుత్వానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 21 ఏళ్ళు నిండిన ఆడా మగా అందరికీ ఓటు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికి ఆ హక్కు నిజంగా దక్కడానికి 1965 చట్టం రావలసి వచ్చింది.

ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఉద్యమంలో విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. గొంతు నొక్కడాన్ని ఎదిరించి పైకొచ్చిన నాయకుడి హయాంలో అది జరగడం చిన్న విషయం కాదు. అభిమానంతో దాచిపెట్టకూడదు.

1955లో ఫజల్ అలీ కమిషన్, తెలుగు జిల్లాలతో పాటు బీదర్‌ను కూడా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంచమంది. తెలంగాణలో చాలామంది విడిగా ఉండాలనే కోరుతున్నారని బూర్గుల పార్టీ అధిష్ఠానానికి రాశారు కూడా. చివరికి విలీనానికి ఒప్పుకుని, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేశారు. తన కుర్చీ పోతుందని తెలిసే చేశారు. బీదర్ జిల్లా మూడు ముక్కలైంది: జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్‌కు, ఉద్గీర్ మరాఠీ వైపుకు, మన హుమ్నాబాద్ తాలూకా మైసూరుకు.

తర్వాత ఆయన కేరళకు, ఉత్తర ప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేసి, 1967 సెప్టెంబరు 14న కన్నుమూశారు.