బ్రౌన్ సెకార్ - నీటిలో కరగని రహస్యము

1889వ సంవత్సరము జూన్ 1వ తేదీన పారిస్ నగరమునందలి జీవశాస్త్ర సంఘమున డెబ్బదిరెండేండ్ల శాస్త్రజ్ఞుడొకడు తన వార్ధక్యమును గూర్చియే ఉపన్యసించెను. కుక్కల వృషణములను, గినీ పందుల వృషణములను నూరి, కొద్ది నీటిలో కలిపి వడగట్టి, ఆ రసమును సూదితో తన చర్మము క్రిందికి ఎక్కించుకొన్నట్లును, అటుపిమ్మట మెట్లు పరుగున ఎక్కగలిగినట్లును, చేతిబలము పెరిగినట్లును, గంటలకొలది ప్రయోగశాలలో నిలువబడి పనిచేయగలిగినట్లును అతడు వివరించెను. చెప్పినవాడు సంతలో మందులమ్ముకొనువాడు కాడు. క్లాడ్ బెర్నార్డు అనంతరము 1878 నుండి కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యపీఠము నలంకరించిన షార్ల్ ఎద్వార్ బ్రౌన్ సెకార్.

ఇతడు 1817 ఏప్రిల్ 8వ తేదీన మారిషస్ ద్వీపమునందలి పోర్ట్ లూయీ పట్టణమున జన్మించెను. ఆనాడది ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. తరువాతి దశాబ్దములలో కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కిన తెలుగు కూలీలు చెరకుతోటల పనికై చేరినది ఆ ద్వీపమునకే. తండ్రి బ్రౌన్ అమెరికా దేశపు నావికుడు; బిడ్డ పుట్టకమునుపే గతించెను. ఫ్రెంచి వంశజురాలగు తల్లి కుట్టుపని చేసి కుమారుని పెంచెను. అతడు తండ్రి పేరునకు తల్లి యింటిపేరును చేర్చుకొనుట ఆమె ఋణమును తలచియే కాబోలు.

1838లో పారిస్ చేరినప్పుడు అతని కోరిక గ్రంథకర్త కావలెనని. అది ఫలింపక వైద్యవిద్యకు మరలి, 1846లో పట్టము పొందెను. వెన్నుపాము ఒకప్రక్క సగము తెగినచో చలనము ఆ ప్రక్కనే పోవుననియు, నొప్పియు వేడిచల్లదనములును తెలియు శక్తి మాత్రము రెండవప్రక్కను పోవుననియు అతడు కనుగొనెను. ఆ రోగలక్షణము నేటికిని వైద్యగ్రంథములలో అతని పేరనే యున్నది. 1854లో మారిషస్‌లో కలరా చెలరేగగా అక్కడ రోగులకు చికిత్స చేసెను. కలరా రోగి వాంతిని తానే మ్రింగి, నల్లమందు ద్రావకపు గుణమును పరీక్షించెననిన వినువారికి రోత పుట్టవచ్చును. తన శరీరముపై తానే ప్రయోగించుకొనుట అతని కలవాటు. 1856లో, అడ్రినల్ గ్రంథులను తొలగించిన జంతువులు బ్రతుకవని చూపెను. అంత చిన్న గ్రంథి లేకున్న ప్రాణమే పోవుటను జూచినవానికి, గ్రంథులు రక్తములోనికి ఏదో జీవాధారమగు పదార్థమును విడుచుచున్నవను నమ్మకము కుదిరెను. ఆ నమ్మకమే వృద్ధాప్యమున అతని చేతికి సూది నిచ్చినది.

పత్రికలు పరిహసించెను. కపటవైద్యులు యౌవనరసమను పేర సీసాలమ్మిరి. బ్రౌన్ సెకార్ మాత్రము తన రసమును వైద్యులకు ఉచితముగా పంపి, పరీక్షించి చూడుడని కోరెను.

అతని తలంపు సరియైనదే, తప్పినది వాహనము. వృషణములు టెస్టోస్టిరోన్ అను హార్మోనును తయారుచేయును గాని నిలువ చేయవు. ఉన్న కొద్దియు క్రొవ్వులలో కరగునేగాని నీటిలో కరగుట అత్యల్పము. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు అతని పద్ధతిలోనే రసము తీసి కొలువగా, అందలి హార్మోను ఏ ఫలమును ఈయజాలనంత స్వల్పమని తేలెను. ఆ వృద్ధుని మెట్లెక్కించినది విశ్వాసబలమే.

అయినను ఆ మార్గము వ్యర్థము కాలేదు. 1891లో ఇంగ్లండున జార్జి మర్రే అను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ గ్రంథి రసమును, ఆ గ్రంథి క్షీణించి మంచము పట్టిన యొక స్త్రీకి సూదితో నెక్కింపగా ఆమె కోలుకొని యనేక సంవత్సరములు జీవించెను. ఇది జరిగినప్పుడు బ్రౌన్ సెకార్ బ్రతికియే యుండెను. 1894 ఏప్రిల్‌లో అతడు పారిస్‌లో కన్నుమూసెను.

1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లకేర్ బృందమువారు సుమారు 100 కిలోల ఎద్దుల వృషణములనుండి 10 మిల్లీగ్రాముల శుద్ధ టెస్టోస్టిరోన్‌ను రాబట్టిరి. ఆ యేడే బ్యూటెనాంట్, రుజీకా అను రసాయనవేత్తలు వేర్వేరుగా కొలెస్టరాల్ నుండి దానిని తయారుచేసిరి. మ్రింగిన కాలేయము దానిని చెరచును, నీటిలో కరగదు. కావున దానికొక క్రొవ్వు ఆమ్లమును జోడించి, నూనెలో కరిగించి, కండరములోనికి ఎక్కించు పద్ధతి ఏర్పడెను. కండలో నిలిచిన నూనెబొట్టునుండి మందు కొంచెము కొంచెముగా రక్తములోనికి జారును. అచ్చట ఆమ్లము విడిపోయి హార్మోను మిగులును. జోడించిన ఆమ్లపు గొలుసు ఎంత పొడవైనచో మందు అంత తడవు నిలుచును. ప్రొపియొనేట్ రెండు మూడు దినములు, ఎనాంతేట్ రెండు మూడు వారములు, అన్‌డెకనోయేట్ పది మొదలు పదునాలుగు వారములు పనిచేయును.

ఆ నూనెలు మనకు క్రొత్తవి కావు. ఎనాంతేట్‌కు నువ్వులనూనె, సిపియొనేట్‌కు ప్రత్తిగింజల నూనె, అన్‌డెకనోయేట్‌కు ఆముదము వాడుకలోనికి వచ్చెను. గానుగనుండి దిగిన నూనె యిందుకు పనికిరాదు. సూదిమందునకు వేరుగ శుద్ధిచేసి, క్రిములు లేకుండ జేయవలెను. కొన్ని మందులకు వేరుసెనగ నూనెయు వాహనము. వేరుసెనగ పడనివారికి వైద్యులు వానిని ఈయరు.