కారు వీపు మీద ఆ గీత ఎందుకు? 30 ఏళ్లకే వెళ్లిపోయిన జీన్ బుగాటి కథ ఇదీ..

కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట కలిస్తే ఒక గొడవ మాత్రం గ్యారంటీ. లిమిటెడ్ ఎడిషన్ హైపర్‌కార్ల డిజైన్ మరీ ఓవర్ అయిపోతోందా, లేదా? రెక్క మీద రెక్క, బాడీ నిండా కోతలు, ఎక్కడ చూసినా గాలి రంధ్రాలు. 2013లో లాంబోర్గినీ వెనెనో వచ్చినప్పుడు యుద్ధ విమానంలా ఉందని మురిసిపోయినవాళ్లు ఉన్నారు. పిల్లల బొమ్మ కారులా ఉందని నవ్వినవాళ్లూ ఉన్నారు.

2019లో ఈ గొడవ మళ్లీ మొదలైంది. జెనీవా మోటార్ షోలో బుగాటి కంపెనీ ఒకే ఒక్క కారు చూపించింది. పేరు లా వోయిచూర్ నోయిర్. ఫ్రెంచ్‌లో నల్ల కారు అని అర్థం. పన్నులు కలపకుండానే ధర 1.1 కోట్ల యూరోలు. అప్పటి లెక్కన మన రూపాయల్లో 85 కోట్లకు పైమాటే. వెనక వైపు వరుసగా ఆరు ఎగ్జాస్ట్ గొట్టాలు. బాడీ మధ్యలో వెన్నెముకలా ఒక గీత.

ఆ గీత ఈ కారుది కాదు. ఈ కారుకు దాదాపు 84 ఏళ్ల ముందే, ఫ్రాన్స్‌లో 26 ఏళ్ల కుర్రాడి చేతిలో పుట్టింది. అతనే జీన్ బుగాటి. కారు అందం ఎక్కడ మొదలవుతుంది, ఓవర్ ఎక్కడ మొదలవుతుంది అనే ప్రశ్నకు అతని జీవితంలోనే చాలా సమాధానం దొరుకుతుంది.

తాత ఫర్నిచర్.. బాబాయ్ శిల్పాలు

జీన్ 1909 జనవరి 15న జర్మనీలోని కొలోన్‌లో పుట్టాడు. తండ్రి ఎట్టోరె బుగాటి ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన ఇంజినీర్. జీన్ పుట్టిన ఏడాదే ఎట్టోరె అల్సాస్ ప్రాంతంలోని మోల్షైమ్ అనే చిన్న ఊళ్లో సొంత కార్ల ఫ్యాక్టరీకి పునాది వేశారు. అప్పట్లో ఆ ప్రాంతం జర్మనీ చేతిలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కు వచ్చింది.

ఈ ఇంట్లో కళ కొత్తేం కాదు. తాత కార్లో బుగాటి పేరున్న ఫర్నిచర్ డిజైనర్. బాబాయ్ రెంబ్రాంట్ బుగాటి జంతువుల కంచు విగ్రహాలు చేసే శిల్పి. 1916లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అన్న ఎట్టోరె ఆ బాధను మర్చిపోలేదు. తర్వాత తను తీసిన అతి పెద్ద కారు ముందు భాగంలో తమ్ముడు చెక్కిన ఏనుగు బొమ్మనే పెట్టారు.

అలా ఓ వైపు ఇంజిన్లు, మరో వైపు శిల్పాల మధ్య జీన్ పెరిగాడు. ఆడుకున్నది ఫ్యాక్టరీలోనే, పని నేర్చుకున్నదీ అక్కడే. 20 ఏళ్లు దాటేసరికి కార్ల బాడీలు గీయడం మొదలుపెట్టాడు.

రాజుల కోసం కారు.. కొన్నది ముగ్గురే

ఇప్పటి హైపర్‌కార్లను చూసి ఇంత అవసరమా అంటున్నాం కదా. 1920ల చివర్లో ఎట్టోరె చేసిన పని చూస్తే ఇవేం పెద్దగా అనిపించవు. రాజులు, చక్రవర్తులు మాత్రమే కొనాలని ఆయన టైప్ 41 రాయల్ అనే కారు తయారు చేశారు. పొడవు 6 మీటర్లకు పైనే. బరువు 3 టన్నుల పైచిలుకు. ఇంజిన్ 12.7 లీటర్లు. ఈ రోజు మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్ల ఇంజిన్లు పది కలిపితే అంత!

25 కార్లు చేయాలన్నది ప్లాన్. ఇంతలో 1929 ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. చివరికి తయారైనవి 6. బయటివాళ్లు కొన్నవి 3. రాజులెవరూ కొనలేదు.

ఆ ముగ్గురిలో మొదటివాడు అర్మాండ్ ఎస్డెర్స్, బట్టల వ్యాపారి. అతని కారు బాడీ డిజైన్ చేసింది జీన్. అప్పటికి జీన్ వయసు 23. అంత పొడవైన కారులో ఉన్నవి రెండే సీట్లు. ఫెండర్లు అలలా సాగిపోతాయి. ఇంకో విశేషం ఏంటంటే, ఆ కారుకు హెడ్‌లైట్లే లేవు! రాత్రిళ్లు నడిపే పని లేదు కాబట్టి వద్దని ఓనరే అన్నాడట. లైట్లు లేకపోవడంతో ముందు భాగంలో గీతకు ఎక్కడా అడ్డు తగల్లేదు.

ఇక్కడ ఒకటి గమనించాలి. జీన్ ఆ కారుకు కొత్తగా ఏదీ తగిలించలేదు. ఉన్నదాన్ని తీసేసి అందం తెచ్చాడు. అదీ ఒక రకంగా అతే. కానీ రెక్కలు, కోతలు పెంచుకుంటూ పోయే అతికి పూర్తిగా రివర్స్. ఆ బాడీ ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత దాన్ని తీసేసి వేరే బాడీ బిగించారు. ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్ మ్యూజియంలో ఇప్పుడు కనిపించేది దాని రెప్లికా.

అమ్ముడుపోని రాయల్ కంపెనీని ముంచేసేదే. మిగిలిపోయిన ఆ డిజైన్ ఇంజిన్లను రైలు బండ్లకు వాడి ఎట్టోరె ఫ్యాక్టరీని గట్టెక్కించారు. డిజైన్ ఎంత గొప్పగా ఉన్నా కొనేవాడు లేకపోతే ఏమవుతుందో జీన్ అంత చిన్న వయసులోనే కళ్లారా చూశాడు.

వెల్డింగ్ కుదరక పుట్టిన గీత

1934లో టైప్ 57 వచ్చింది. ఈ కారు వెనక అసలు బుర్ర జీన్‌దే. అన్ని మోడళ్లూ కలిపి 700 దాకా అమ్ముడయ్యాయి. బుగాటి లాంటి చిన్న కంపెనీకి అది చాలా పెద్ద నంబర్. తండ్రీకొడుకుల మధ్య పేచీలూ అప్పుడే వచ్చాయి. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ పెట్టాలని జీన్ చూశాడు. ఎట్టోరె ఒప్పుకోలేదు. పాత పద్ధతిలో ఒకే యాక్సిల్ ఉండాల్సిందే అన్నారు. హైడ్రాలిక్ బ్రేకులకు కూడా 1938 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంజినీరింగ్‌లో తండ్రి మాట దాటలేని జీన్, బాడీ డిజైన్‌లో మాత్రం రెచ్చిపోయాడు.

1935 పారిస్ మోటార్ షోలో ఏరోలిత్ అనే కారు పెట్టారు. నీటి బొట్టు ఆకారం. డోర్లు రూఫ్ లోపలికి కోసుకుపోయి ఉంటాయి. దాని బాడీని ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేశారు. చాలా తేలిక. కానీ మెగ్నీషియంకు వేడి తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే వెల్డింగ్ చేయడం కష్టం. మరి రేకులు అతికేదెలా? అంచులను బయటికి మడిచి, పక్కపక్కన పెట్టి, రివెట్లు కొట్టారు. ఆ అతుకే కారు మధ్యలో, ఫెండర్ల మీద చేప వీపు మీది రెక్కలా నిలబడింది. దాచాల్సిన అతుకును జీన్ అందరికీ కనిపించేలా పెట్టేశాడన్నమాట.

అసలు ట్విస్ట్ ఆ తర్వాతే ఉంది. 1936 నుంచి 1938 మధ్య ఇదే డిజైన్‌తో అట్లాంటిక్ పేరుతో 4 కార్లు తయారయ్యాయి. వాటికి వాడింది అల్యూమినియం. దాన్ని మామూలుగా వెల్డింగ్ చేయొచ్చు. అంటే అతుకు అవసరం తీరిపోయింది. అయినా జీన్ ఆ గీతను, రివెట్లను అలాగే ఉంచేశాడు. ఎందుకంటే అది బాగుంది. అంతే!

కొడుకు చేతికి ఫ్యాక్టరీ

1936లో ఫ్రాన్స్ అంతటా కార్మికుల సమ్మెలు జరిగాయి. మోల్షైమ్ ఫ్యాక్టరీ కూడా ఆగింది. పనివాళ్లను సొంత మనుషుల్లా చూసుకున్నానని నమ్మిన ఎట్టోరె దీన్ని తట్టుకోలేకపోయారు. మకాం పారిస్‌కు మార్చేశారు. ఫ్యాక్టరీ బాధ్యత 27 ఏళ్ల జీన్ మీద పడింది. సమ్మె చేసిన మనుషులతోనే రోజూ పని చేయించాలి. డబ్బు టైట్. పక్క దేశంలో యుద్ధ వాతావరణం. అట్లాంటిక్ కార్లు తయారైంది సరిగ్గా ఈ పరిస్థితుల్లోనే.

అదే టైంలో జీన్ లె మాన్స్ 24 గంటల రేసు మీద కన్నేశాడు. దానికోసం అతని టీమ్ తయారు చేసిన టైప్ 57జీ కారును చూస్తే, ఇది అట్లాంటిక్ చేసిన చేయేనా అనిపిస్తుంది. చక్రాలను కూడా మూసేసిన వెడల్పాటి గుండ్రటి బాడీ. గాలిని చీల్చుకుంటూ పోవడం తప్ప దానికి వేరే పని లేదు. జనం దానికి పెట్టిన పేరు ట్యాంక్. 1937లో జీన్ పియరీ విమిల్, రాబర్ట్ బెనోయిస్ట్ ఆ ట్యాంక్‌తో లె మాన్స్ గెలిచారు. 1939లో టైప్ 57సీ ట్యాంక్‌తో విమిల్, పియరీ వేరోన్ జోడీ మళ్లీ గెలిచింది. 2005లో వచ్చిన బుగాటి వేరోన్‌కు పేరు వచ్చింది ఈ డ్రైవర్ నుంచే.

చూడటానికి చేసింది అట్లాంటిక్. గెలవడానికి చేసింది ట్యాంక్. ఏ కారుకు ఏది కావాలో జీన్‌కు క్లారిటీ ఉంది.

ఆగస్టు 11.. ఆ రోడ్డు మీద

కొడుకు రేసుల్లో దిగడం ఎట్టోరెకు ఇష్టం లేదు. కానీ టెస్ట్ డ్రైవింగ్ మాత్రం జీన్ వదల్లేదు. తను గీసిన కారును తనే నడిపి చూడాలి. 1939 ఆగస్టు 11న లె మాన్స్ గెలిచిన ట్యాంక్‌ను ఫ్యాక్టరీకి దగ్గర్లోని రోడ్డు మీద టెస్ట్ చేస్తున్నాడు. కారు మంచి స్పీడ్‌లో ఉంది. అనుకోకుండా ఒక సైకిలిస్టు రోడ్డు మీదికి వచ్చాడు. అతన్ని తప్పించబోయి జీన్ చెట్టును ఢీకొట్టాడు. ప్రాణం పోయింది. వయసు 30.

మూడు వారాలకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఎట్టోరె కొడుకునూ, ఫ్యాక్టరీ వైభవాన్నీ రెండింటినీ పోగొట్టుకున్నారు. 1947లో పారిస్‌లో కన్నుమూశారు. జీన్ దగ్గరున్న నల్ల అట్లాంటిక్ యుద్ధం రోజుల్లో మాయమైంది. ఇప్పటికీ దాని జాడ లేదు. మిగిలిన మూడింట్లో ఒకటి 2010లో చేతులు మారినప్పుడు ధర 3 కోట్ల డాలర్లు దాటిందని వార్తలొచ్చాయి. మరొకటి ఫ్యాషన్ డిజైనర్ రాల్ఫ్ లారెన్ దగ్గర ఉంది.

ఇంతకీ ఓవరా? కాదా?

2019 నాటి నల్ల కారు ఆ పోయిన కారుకు నివాళి. దాని మీద అభిమానులు ఇప్పటికీ రెండుగా చీలిపోయి ఉన్నారు. కార్బన్ ఫైబర్ బాడీకి అతుకే అవసరం లేనప్పుడు గీత దేనికి, ఆరు గొట్టాలు దేనికి అనేది ఒక వర్గం మాట. కొనేవాడు స్పీడ్ కోసం కాదు, శిల్పం కోసం ఇస్తున్నాడు కాబట్టి తప్పేంటి అనేది రెండో వర్గం వాదన.

జీన్ కథ తెలిశాక ఏ వర్గానికీ పూర్తిగా మార్కులు వేయలేం. అవసరం లేని గీతను అందం కోసం ఉంచడం తప్పయితే, ఆ తప్పు మొదట చేసింది అతనే. అల్యూమినియం అట్లాంటిక్ మీది రివెట్లే సాక్ష్యం. అలాగని ఏం చేసినా ఒప్పే అనడానికీ లేదు. అట్లాంటిక్ మీద కంటికి ఆనేది ఆ గీత ఒక్కటే. కారు ఆకారమంతా దాని వెంటే నడుస్తుంది. పైగా ఆ గీతకు ఒక పుట్టుక ఉంది. వెల్డింగ్ చేయలేని లోహాన్ని ఎలాగైనా కలపాలని చేసిన ప్రయత్నంలోంచి వచ్చింది.

అందుకే ఈసారి ఏదైనా హైపర్‌కార్ వీడియో చూసినప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఆ రెక్క, ఆ కోత, ఆ రంధ్రం.. వాటిలో ఒక్కటి తీసేస్తే కారు పోతుందా, లేక ఏమీ తేడా రాదా? అట్లాంటిక్ నుంచి ఆ గీత తీసేసి ఊహించుకోండి. అది అట్లాంటిక్ అనిపించదు. పది తీసేసినా తేడా తెలియని కారు ఎన్ని కోట్లు పలికినా, అభిమానులు దాన్ని ఓవర్ అనడంలో ఆశ్చర్యం లేదు.