రిపోర్టులో కనిపించే ఆ బారెట్ ఎవరు?

ఏళ్ల తరబడి ఛాతీలో మంటతో బాధపడేవారికి ఎండోస్కోపీ చేస్తే, ఒక్కోసారి రిపోర్టులో ‘బారెట్స్ ఈసోఫేగస్’ అన్న మాట కనిపిస్తుంది. అది క్రిమి పేరు కాదు, మందు పేరూ కాదు. ఒక సర్జన్ పేరు. ఆయన కథ తెలుసుకుంటే, మీరు పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఏం చేయగలదో, ఏం చేయలేదో కూడా అర్థమవుతుంది.

నార్మన్ బారెట్ 1903లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టారు. చిన్నతనంలోనే ఇంగ్లండ్ చేరారు. కేంబ్రిడ్జిలో చదువుకుని, 1928లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో డాక్టరయ్యారు. 1935లో ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లేటప్పుడు ఆయన ఆసక్తి కడుపు ఆపరేషన్ల మీద ఉండేది. తిరిగొచ్చేసరికి ఛాతీ శస్త్రచికిత్స వైపు మళ్లింది. గొంతు నుంచి ఛాతీ గుండా కడుపులోకి దిగే అన్నవాహిక ఆయనకు ఇష్టమైన విషయమైంది. 1946లో మొదలైన ‘థొరాక్స్’ వైద్య పత్రికకు తొలి సంపాదకుడు ఆయనే. పాతికేళ్లు ఆ బాధ్యత మోశారు. చిరిగిపోయిన అన్నవాహికను 1947లో కుట్టి, అప్పటివరకు దాదాపు మరణమే రాసిపెట్టి ఉన్న జబ్బు నుంచి రోగిని బతికించారు.

పొర ఎందుకు మారింది?

అన్నవాహిక లోపలి పొర మన నోటి లోపలి పొరలా ఉంటుంది. రాపిడిని తట్టుకుంటుంది గానీ ఆమ్లాన్ని తట్టుకోలేదు. కడుపు పొర వేరు, అది ఆమ్లానికి అలవాటు పడింది. కొందరిలో అన్నవాహిక కింది భాగంలో కడుపు పొరను పోలిన పొర, దాని మీద పుండ్లు కనిపించేవి. 1950లో బారెట్ దీని మీద పెద్ద వ్యాసం రాశారు. పుట్టుకతోనే అన్నవాహిక పొట్టిగా ఉండటం వల్ల కడుపే ఛాతీలోకి లాగబడిందని, అది అన్నవాహిక కాదని ఆయన తేల్చారు.

1953లో లీడ్స్ నగరానికి చెందిన అలిసన్, జాన్‌స్టన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ భాగాన్ని పరీక్షించి చూశారు. బయటి కండరాలు, గ్రంథులు అన్నీ అన్నవాహికవే, లోపలి పొర మాత్రమే మారింది. బారెట్ చెప్పినది తప్పని నిరూపిస్తూనే, అక్కడి పుండ్లకు గౌరవంగా ఆయన పేరే పెట్టారు. 1957లో బారెట్ తన మాట సవరించుకుని, వాళ్లదే సరైనదని అచ్చులో ఒప్పుకొన్నారు. అయితే ఈ మార్పు పుట్టుకతో వచ్చేదే అయి ఉంటుందన్న ఆలోచనను మాత్రం వదల్లేదు. 1970లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు ఆ సందేహాన్నీ తీర్చాయి. పొర ఒలిచిన చోట కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నేలా చేస్తే, కొత్తగా పెరిగే పొర కడుపు పొరలా మారింది. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, పైకి ఎగదన్నే రసాలు తెచ్చేదని తేలింది. బారెట్ 1979లో కన్నుమూశారు.

చేదునీళ్ల సంగతి

ఆయన తర్వాత తెలిసిన ముఖ్య విషయం పైత్యరసం. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా తయారుచేసే ఈ రసం చిన్నపేగులోకి వెళ్లాలి. కొందరిలో అది వెనక్కి కడుపులోకి, అక్కడి నుంచి ఆమ్లంతో కలిసి అన్నవాహికలోకి ఎక్కుతుంది. 1990లలో సన్నటి గొట్టంతో 24 గంటలు కొలిచి చూస్తే, బారెట్ మార్పు ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. ఆమ్లం ఒక్కటే చేసే గాయం కన్నా ఈ రెండూ కలిసి చేసే గాయం పెద్దది.

గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది. పైత్యరసం తయారీని ఆపదు, వదులైన వాల్వును బిగించదు. పైగా మారిన పొరకు మంట తెలిసే గుణం తక్కువ. అందుకే ఏళ్ల నాటి మంట దానంతటదే చల్లారితే జబ్బు నయమైందని అనుకోకండి. బారెట్ మార్పు వచ్చిన వారిలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. కొద్దిమందికి వస్తుంది కాబట్టే బయాప్సీ, నిర్ణీత కాలంలో మళ్లీ ఎండోస్కోపీ అవసరం. మన దేశంలో ఎక్కువగా కనిపించే అన్నవాహిక క్యాన్సర్ వేరే రకం. దానికి ముఖ్య కారణాలు పొగాకు, మద్యం.

మీరు ఏం చేయాలి?

మన కర్నూలు, కడప జిల్లాల్లో మంట అనగానే కారాన్ని దోషిగా నిలబెడతాం. ఊరుబిండి, ఎర్రకారం దోసె మీకు పడకపోతే తగ్గించండి. కానీ అసలు చిక్కు చాలాసార్లు వేళలో ఉంటుంది. రాత్రి పది దాటాక కడుపునిండా సంగటి తిని, వెంటనే మిద్దెనెక్కి వాలిపోతే రసాలు పైకి ఎక్కడం తేలిక.

• పడుకునేందుకు మూడు గంటల ముందే భోజనం ముగించండి.
• మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలో, కడప బండ ముక్కలో పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తండి. దిండ్లు పేరిస్తే మెడ వంగుతుందే గానీ లాభం ఉండదు. ఎడమవైపు తిరిగి పడుకోండి.
• పొట్ట తగ్గించండి. బీడీ, సిగరెట్, గుట్కా, మద్యం మానండి.
• డాక్టరు రాసిన మాత్రను సొంతంగా ఆపకండి. సొంతంగా ఏళ్ల తరబడి కొని మింగనూ వద్దు.
• యాభై దాటి, అయిదేళ్లకు పైగా మంట ఉన్నవారు, ముఖ్యంగా మగవారు, లావుగా ఉన్నవారు, పొగతాగేవారు ఎండోస్కోపీ గురించి డాక్టరును అడగండి.
• ముద్ద దిగకపోవడం, బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే వయసుతో పనిలేకుండా త్వరగా చూపించుకోండి. రక్తపు వాంతి, నల్లటి మలం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి.
• కొత్తగా ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. ముందు ఈసీజీ తీయించుకోండి.

అంత పెద్ద సర్జనే తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. ‘ఇది ఉత్త గ్యాసేలే’ అని ఏళ్లుగా మనకు మనం చెప్పుకుంటున్న మాటను మనమూ ఒకసారి పరీక్ష చేయించి చూసుకోవడం మంచిది.